జొన్నల్లో పురుగులు కావాలి

ఉద్యోగమంటే ముందు ఒక కుర్చీ ఉంటుందనీ, పనీ గినీ ఏమున్నా ఆ కుర్చీ తర్వాతేననీ గట్టిగా నమ్మిన రోజులవి. గద్వాలలో జంతుశాస్త్రంతో డిగ్రీ పూర్తి చేసి, ఇంట్లో ఎవరేమన్నా దానికి ఎదురు మాట వెతుక్కుంటూ కాలం గడుపుతున్న నాకు వనపర్తిలో కొలువు దొరికిందని తెలిసినప్పుడు, నాకంటే మా ఇంట్లోవాళ్లే ఎక్కువ సంబరపడ్డారు. “దీన్ని వకీలు చదివియ్యకపోతిమి, కోర్టోళ్లు బతికిపోయిన్రు” అని మా నాయన బస్టాండులో నలుగురూ వినేటట్టే అన్నాడు. బస్సు కిటికీలోంచి నేనూ ఒకటి అన్నాను గానీ అది హారను మోతలో కొట్టుకుపోయింది. (ఆ జవాబు నాకిప్పటికీ గుర్తుంది. చాలా మంచి జవాబు. ఏం లాభం!)

ఆఫీసని నేను ఊహించుకున్నది తీరా చూస్తే మా మేనత్త ఇంటి మేడ మీది రెండు గదులు. పంటకు మేలు చేసే పురుగులను పెంచి రైతులకు ఇచ్చే చిన్న సంస్థ ఒకటి వాటిని కిరాయికి తీసుకుంది. ఆ కిరాయి మాటల మధ్యలోనే మా మేనత్త నా డిగ్రీని కూడా ఇరికించింది. లోపల ఉన్నది ఒకటే కుర్చీ, దాంట్లో మా సారు కూర్చున్నాడు. నాగర్‌కర్నూల్ మనిషి. రెక్కల పురుగుల పొడి పడక ఎప్పుడూ ముక్కుకు గుడ్డ కట్టుకునే మాట్లాడేవాడు, కాబట్టి ఆయన మొహం మొత్తంగా ఎట్లా ఉంటుందో తెలుసుకోవడానికి నాకు చాలా రోజులే పట్టింది. ఆయన లేచి నా చేతుల్లో ఒక ట్రే పెట్టాడు. నిండా జొన్న రవ్వ. “దీంట్ల పురుగులున్నయ్ మేడం. చావకుండ చూస్కోవాలె. గంతే పని” అన్నాడు.

గంతే పని! పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ మా ఇంట్లో ఆడపిల్లకు నేర్పే మొదటి విద్య జొన్నల్లోంచి పురుగులను ఏరిపారేయడం. చేట ముందు కూర్చోబెట్టి, మెడ నొప్పి పుట్టేదాకా ఏరించి, ఆ పైన మా అమ్మ వచ్చి గుప్పెడు తీసి చూసి “నీ కండ్లు యాడున్నయే” అని తిట్టేది. అట్లాంటిదాన్ని పిలిచి, జీతమిచ్చి, అవే పురుగులను అవే జొన్నల్లో కంటికి రెప్పలా సాకమంటున్నారు. మొదటి వారం నా వేళ్లు వాటంతట అవే పురుగులను ఏరబోయేవి. సారు గుడ్డ వెనక నుంచి దగ్గేవాడు, నేను చెయ్యి వెనక్కు తీసుకునేదాన్ని.

ఆయన కార్సైరా అని గౌరవంగా పిలిచే ఆ పురుగు మీకు కొత్తదేమీ కాదు. బియ్యం డబ్బా మూత తీయగానే మొహం మీదికి లేస్తుందే, బూడిదరంగు చిన్న రెక్కల పురుగు, అదే. గోడ మీద వాలి రెక్కలు ఒంటికి చుట్టుకుందంటే ఎండిన జొన్న పొట్టు అంటుకుందనే అనుకుంటాం. రెక్కలు వచ్చాక అది ఏమీ తినదు. కొద్ది రోజులు బతికి, జతకట్టి, గుడ్లు పెట్టి, చప్పుడు లేకుండా పోతుంది. తిండి అంతా చిన్నతనంలోనే. గసగసాల కంటే చిన్న గుడ్డులోంచి దారం తునకంత పిల్ల బయటికి వస్తుంది, వచ్చిన పూటే నోట్లోంచి సన్నటి పోగు తీసి నాలుగు రవ్వ గింజలను దగ్గరికి లాక్కుని గూడు కట్టుకుంటుంది, ఆ గూట్లో కూర్చుని ఆ గోడలనే తింటూ పెరుగుతుంది. (ఉన్న ఇంటినే తిని పెద్దవాళ్లయిన మనుషులను కూడా చూశాను, ఎవరని చెప్పను లెండి.) నెల దాటేసరికి ట్రేలో రవ్వంతా బొంతలాగా ముద్దకట్టి, ఒక మూల పట్టుకుంటే మొత్తం లేచి వచ్చేది. అప్పుడా పురుగు తెల్లటి పట్టుగూడు అల్లుకుని ముడుచుకు పడుకుని, కొన్నాళ్లకు ఒక సాయంత్రం రెక్కలతో లేస్తుంది. ఆడదేదో మగదేదో చెప్పడం తేలికే, ఆడదానికి మూతి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. ఈ పాఠం చెప్పిన రోజు సారు నా వైపు అవసరమైన దానికంటే కాస్త ఎక్కువసేపు చూశాడు. “మగదానికి మూతి మొద్దుగా ఉంటుందని కూడా ఉంది కద సార్” అన్నాను. ఆ తర్వాత ఆయన పాఠాలు కొంచెం తగ్గించాడు.

మాకు కావలసింది ఆ గుడ్లు. రెక్కల పురుగులను జాలీ అడుగున్న డబ్బాలో వేస్తే గుడ్లు కిందికి రాలుతాయి. వాటిని జల్లించి, అట్టముక్కకు జిగురు పూసి, ఇసుక చల్లినట్టు అంటించి, కంటికి సరిగా ఆనని ఒక కందిరీగ జాతి పురుగు ముందు పెట్టాలి. అది ఆ గుడ్లలో తన గుడ్లు పెడుతుంది. మూడు నాలుగు రోజులకు అంటించినవన్నీ నల్లబడతాయి. ఆ అట్టను పొలంలో కడితే కందిరీగలు బయటికొచ్చి, వరిని తొలిచే మొగి పురుగు గుడ్లను వెతికి అదే పని అక్కడ చేస్తాయి. పురుగు పుట్టకముందే పోతుంది, మందు కొట్టే పని ఉండదు. రైతుకు ఇదంతా చెప్పడం ఎంత కష్టమో నాకు వీపనగండ్లలో తెలిసింది.

అక్కడ మీసాల పెద్దయ్య అని ఒకాయన ఉండేవాడు. ఆయన ఔనంటే ఊరు ఔననేది, ఆయన కాదంటే ఊరు లేచి వెళ్లిపోయేది. మా సారు అరగంట చెప్పింది విని, ఆయన నెమ్మదిగా, “పుర్వులు జాలక మా మీదికి ఇంకిన్ని పుర్వులు దెస్తున్రా? మా దగ్గర ఉన్నయే మస్తున్నయ్” అన్నాడు. అందరూ నవ్వారు, సారు కూడా నవ్వాడు. నేను నవ్వలేదు. “ఇంట్ల కోడిని వెట్టుకున్నోళ్లు చీమలకు మందు వెడ్తరా పెద్దయ్యా?” అన్నాను. “మా కోడి చీమలను తినది బిడ్డా, బియ్యమే తింటది” అన్నాడు ఆయన. అట్లా మొదలై చాలాసేపు నడిచింది. చివరికి బావి దగ్గరి చిన్న మడి ఒకటి ఇస్తానన్నాడు. “వరిల మొగి పురుగు అప్పుడే రెక్కలతోని లేస్తున్నది. ఈ ఆదివారం గాదు, పై ఆదివారం పొద్దుగాల నువ్వు అట్టలు వట్టుకొని బస్సు దిగాలె. దిగకపోతివా, పొద్దుమీకేలోపు నేను మందు గొడ్త. ఇగ నువ్వుగాని నీ సారుగాని మళ్ల మా ఊరి బస్సెక్కొద్దు” అన్నాడు. “దిగకపోతే నా పేరు మార్చుకుంట” అన్నాను, ఎవరూ అడగకుండానే. తిరుగు బస్సులో సారు మెల్లిగా చెప్పాడు, వీపనగండ్ల ఒప్పుకోకపోతే చుట్టుపక్కల ఇంకే ఊరూ ఒప్పుకోదని, అప్పుడు ఈ ల్యాబ్ ఉంచడానికి పైవాళ్లకు కారణం ఉండదని. నా కుర్చీ లేని కొలువు ఆ చిన్న మడి మీద నిలబడి ఉందన్నమాట.

ఆ మర్నాడు సారు ఏదో శిక్షణకని హైదరాబాదు వెళ్లాడు. శనివారం గద్వాలలో మా అమ్మ చెల్లెలి కూతురి నిశ్చితార్థం ఉంటే ట్రేలన్నీ సర్ది, తాళం వేసి, నేనూ వెళ్లాను. సోమవారం పొద్దున్నే తిరిగి వచ్చేసరికి మా మేనత్త గేటు దగ్గరే నిలబడి ఉంది. మొహం వెలిగిపోతోంది.

ఇక్కడ మా మేనత్త గురించి చెప్పాలి. వీధి మొత్తం ఆమెను వెనక జల్లెడమ్మ అనేది. ఆమె ఇంట్లోకి ఏ గింజ వచ్చినా మూడుసార్లు జల్లెడ దాటందే డబ్బా ఎక్కదు. ఏ మాట వచ్చినా అంతే, జల్లించి, రాళ్లు ఏరి, ఏరిన రాళ్లు తెచ్చినవాళ్ల చేతికే ఇచ్చేది. ఎవరింటికి పోయినా మాట్లాడుతూనే వాళ్ల చేటలో చెయ్యి పెట్టి చూసేది. సారు మేడ కిరాయికి తీసుకునేటప్పుడు ‘పంటల మందు తయారు చేస్తం’ అని మాత్రమే చెప్పాడు. మందంటే భయం కాబట్టి ఆమె అన్ని నెలల్లో ఒక్కసారీ మెట్లెక్కలేదు. మేమూ రమ్మని పిలవలేదు.

“ఏం బిడ్డా, జొన్నలు గిట్లనా కాపాడేది?” అంది, నా చేతిలో సంచి అందుకుంటూ. “నువ్వు పోయినంక మీద ట్యాంకు పొర్లింది. బందు జేద్దామని ఎక్కిన. కిటికిలకెల్లి జూస్తె నా గుండె ఆగినంత పనాయె. నా దగ్గరున్న తాళం చెవితోని తలుపు దీసిన. ఒక్క ట్రేల ఒక్క గింజ మంచిగ లేదు! అన్ని గూళ్లే, అన్ని పుర్వులే! సారొచ్చి జూస్తె నీ కొలువుంటదా? మా అన్న మొకం నేనెట్ల జూడాలె?”

నేను గబగబా మెట్లెక్కాను. ఆమె వెనకే, మోకాళ్లు పట్టుకుంటూ, చెబుతూనే ఎక్కింది. ఇద్దరు కూలి ఆడవాళ్లను పిలిపించిందట. ట్రేలన్నీ కిందికి దించి జల్లించిందట, చెరిగిందట, డాబా మీద రెండు రోజులు ఎర్రటి ఎండలో పోసిందట, వేపాకు కలిపిందట. జాలీ డబ్బాల్లో ఎగురుతున్నవాటిని కిటికీలు తెరిచి చీపురుతో తరిమిందట. తలుపు తీశాను. ట్రేలు కడిగిన వెండి పళ్లేల్లా వరుసగా ఉన్నాయి. వాటిలో జొన్న రవ్వ మిలమిలలాడుతోంది. నేలంతా కళ్లాపి చల్లి తుడిచినట్టుంది. మూలకు ఊదుబత్తి కూడా వెలిగించింది.

“ఇగ జన్మల పట్టదు పురుగు” అంది మా మేనత్త, మెప్పు కోసం నా మొహంలోకి చూస్తూ.

నా జన్మలో మొదటిసారి ఎదురు మాట దొరకలేదు. ట్రే అంచు పట్టుకుని కింద కూర్చుండిపోయాను. ఆమె సంతోషం అనుకుంది. అసలు సంగతి చెప్పాక ఆమె కూడా ఎదురుగా కూర్చుంది. “పుర్వులను సాకుతరా? జీతమిచ్చి?” అని ఒకసారి అడిగింది. అవునన్నాను. “అయితె గా ముక్క ముందుగాల జెప్పాలె గద! మందు అని జెప్పి లోపట పుర్వులను వెడితె తప్పు నాదా?” అంది. తాళం తీసిన తప్పు నీదేనన్నాను. ఇల్లు నాదేనంది. అట్లా ఎంతసేపు వాదించుకున్నామో తెలియదు. మా ఇద్దరిదీ ఒకటే రక్తం కదా, ఆపడం ఎవరికీ రాదు. చివరికి కింద ఫోను మోగడంతో ఆగింది. సారు హైదరాబాదు నుంచి. “మేడం, ట్రేలు ఎట్లున్నయ్?” అన్నాడు. “సార్, ఇంత శుభ్రంగా ఎన్నడూ లేవు” అన్నాను. “వెరీ గుడ్” అని పెట్టేశాడు. (అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు, గమనించండి.)

మిగిలింది ఒక్కటే ధైర్యం. మందు అనుకుని మా మేనత్త ల్యాబ్‌లోని ఫ్రిజ్ జోలికి పోలేదు. అందులో నిద్రపుచ్చిన కందిరీగల అట్ట క్షేమంగా ఉంది. అంటే నాకు కావలసింది రెక్కల పురుగులు. పెద్ద పొలానికైతే కుదరదు గానీ, పెద్దయ్య చిన్న మడికి కాసిన్ని దొరికినా గుడ్లు సరిపోతాయి. బుధ, గురువారాల్లోగా గుడ్లు అంటిస్తే ఆదివారానికి నల్లబడతాయి. హైదరాబాదు నుంచి తెప్పించాలంటే అడగడం, వాళ్లు ఒప్పుకోవడం, పంపడం అయ్యేసరికి వరి కోతకొస్తుంది. అయినా జొన్నల్లో పురుగులు దొరకడం ఎంత పని? ప్రతి ఇంట్లో ఉండేవే కదా అనుకున్నాను. చదువుకున్నదాన్ని కదా, అట్లానే అనుకుంటాను.

ముందు రేషన్ షాపుకు పోయాను. డీలరు నా మాట సగం విని చేతులు జోడించాడు. “మేడం, మీరు పేపరోళ్లా? నా బియ్యంల ఒక్క పురుగు లేదు, కావాలంటే కడుపుల గూడ జూస్కోండ్రి” అన్నాడు. ఆయన మాట్లాడుతుండగా ఒకటి ఆయన చెవి పక్క నుంచి ఎగిరింది. చూపించాను. “గది బయటికెల్లి వచ్చింది” అన్నాడు. మిల్లులో బస్తాలకు పురుగుల మందు గోళీలు పెడతారు, చీమ కూడా బతకదు. ఇక ఇండ్లే దిక్కనుకున్నాను. ఇండ్లలోకి ఒంటరిగా పోతే ఎవరు రానిస్తారని మా మేనత్తను వెంట తీసుకుపోయాను. అంతకు మించిన తెలివితక్కువ పని నేను ఆ వయసులో ఇంకొకటి చేయలేదు. వీధిలో ఏ ఆడమనిషయినా, తన బియ్యంలో పురుగుందని దేవుడి ముందు ఒప్పుకుంటుందేమో గానీ జల్లెడమ్మ ముందు ఒప్పుకుంటుందా?

పక్కింటి టీచరమ్మ తలుపు సగమే తెరిచింది. “పురుగులా? మాకెందుకుంటయండీ? మేము నెలకు సరిపోను మాత్రమే తెచ్చుకుంటం” అంది. నాలుగో ఇంట్లో రాయచూరు నుంచి వచ్చిన కోడలు ఉండేది. ఆమె రెండు చేతులూ ఊపి, “ఇల్లమ్మా ఇల్లా! మా ఇంట్ల పురుగు అన్నదే ఇల్లా!” అని, లేదు లేదని తన కన్నడంలో, మా మేనత్త వైపే చూస్తూ చెప్పింది. ఆ మాట్లాడే నోటికి జానెడు దూరంలో, గోడ మీద, ఎండిన పొట్టులాగా ఒకటి వాలి ఉంది. మూతి ముందుకు పొడుచుకుని ఉంది. ఆడదే. నాకు నోరూరినంత పనైంది. “అదిగో” అని చెయ్యి చాపానో లేదో ఆమె చెంగుతో ఒక్కటి కొట్టింది, అది కాస్తా గోడ మీద బూడిద చారయింది. చివరింటి ముసలామెయితే, “నలభై ఏండ్ల సంసారం జేసిన, గీ పొద్దు నన్ను గీ మాట అడుగుతవా?” అని కళ్లొత్తుకుంది. ఆమెను ఊరడించడానికి మా మేనత్తే ఆమె కంచంలోని అటుకులు తిని, “ఎంత శుభ్రంగున్నయో” అని రావలసి వచ్చింది. ఆ వీధంతా తిరిగాక తేలిందేమంటే, వనపర్తి మొత్తం మీద పురుగన్నది లేదు.

మంగళవారం మధ్యాహ్నానికి నా పేరు ఏమని మార్చుకోవాలో ఆలోచిస్తూ వసారాలో కూర్చున్నాను. మా మేనత్త రెండుసార్లు వచ్చి నన్ను చూసి లోపలికి పోయింది. మూడోసారి వచ్చి, “లే” అంది. వంటగది వెనక సామాను గదిలోకి తీసుకుపోయి తలుపు లోపలి నుంచి గడియ పెట్టింది. “ఎవ్వరికన్న జెప్తివా, నీ నాలిక గోస్త” అంది. మూలన దుప్పటి కప్పి ఉన్న పెద్ద కాగు మూత తీసింది. నిండా జొన్నలు. పైన తెల్లటి పోగుల బొంత. మూత తీసిన గాలికి నాలుగైదు రెక్కల పురుగులు లేచి మా ఇద్దరి జుట్టు మీదా వాలాయి.

“అత్తమ్మా!” అన్నాను. సంతోషంతో అరిచానని తర్వాత అర్థమైంది.

“మెల్లగ!” అంది. “కొన్ని నెలల సంది గిట్లనే. జల్లిస్త, ఎండకు వోస్త, మళ్ల పడ్తయ్. ఎవరన్న జూస్తరని అందరు పండుకున్నంక మద్యాన్నం డాబా ఎనక పోస్త. నా పెండ్లైనకాంచి నా ఇంట్ల పురుగు పట్టలేదే పిల్లా. ఇగ చూపు తగ్గింది, చేతులు పన్జేస్తలేవు, పెద్దదాన్నైతి అనుకున్న. ఎవ్వరికి జెప్పుకోలే.” కాగు అంచు తుడుస్తూ అంది ఆ చివరి మాట. నిన్న చివరింటి ముసలామె ఏడ్చినప్పుడు ఈమె అటుకులు ఎందుకంత పొగిడిందో నాకప్పుడు తెలిసింది.

నేను తల పైకెత్తాను. సామాను గది వెంటిలేటరు ఎదురుగా మేడ మెట్లున్నాయి. మెట్ల పైన మా ల్యాబ్ కిటికీ. దాని జాలీ మూల చిరిగి చాలా రోజులయింది, సారుకు నేను చెప్పాను, సారు పైవాళ్లకు రాశాడు. రెక్కల పురుగులు సాయంత్రాలు ఎటు దిగాయో, ఈ జొన్నల్లోకి ఎట్లా వచ్చాయో చెప్పడానికి డిగ్రీ అక్కర్లేదు. మేము మేడ మీద దిగిన కాలమూ, ఈమెకు పురుగు పట్టిన కాలమూ ఒక్కటే. ఆ సంగతి ఆమెకు తెలియదు. చెబితే ఆమె మనసు మీది బరువు దిగుతుంది, మా సామాను వీధిలోకి దిగుతుంది. చెప్పకపోతే ఈ కాగులో పురుగులను నేను తీసుకుపోతాను, ల్యాబ్ ఉంటుంది, ఆమె మాత్రం తన చేతులు పనిచేయడం లేదనుకుంటూ మధ్యాహ్నాలు డాబా వెనక ఒంటరిగా జొన్నలు ఎండబోసుకుంటుంది. మాట ఆపుకోవడం నాకు ఎన్నడూ చేతకాదు, ఆ రోజు కూడా చేతకాలేదు.

“అత్తమ్మా, ఇవి నీవి కావు” అన్నాను. “మావి. పైనుంచి దిగినయ్.”

ఆమె వెంటిలేటరు చూసింది. మెట్లు చూసింది. నన్ను చూసింది. గడియ తీసి, వసారా దాటి, గేటు తెరుచుకుని వీధి మధ్యకు పోయి నిలబడింది. కొంగు నడుముకు చుట్టింది. ఆ గొంతు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పోయింది. “ఇనుండ్రి అందరు! నా జొన్నల్ల పురుగులు వడ్డయ్! అవి నా ఇంటియి గావు! మేడ మీద సర్కారోళ్లు సాకుతున్రు, ఆడికెల్లి దిగినయ్! నా తప్పేం లేదు!” (మేము సర్కారు కాదు. కానీ ఆ నిమిషంలో ఆ తేడా ఎవరు చెబుతారు, నేను కూడా చెప్పలేదు.)

ముందు టీచరమ్మ తలుపు తెరుచుకుంది, ఈసారి పూర్తిగా. చేతిలో బియ్యం డబ్బా. “అదే అనుకుంటున్న! మా ఇంట్ల ఎన్నడు లేనివి యాడికెల్లి వచ్చినయా అని! ఇవి మీవే, తీస్కపోండి” అని నా చేతిలో పెట్టింది. ఆ వెనకే రాయచూరు కోడలు, సజ్జల సంచితో. “నోడ్రి, నోడ్రి, చూడుండ్రి ఎంతున్నయో! రోజు ఏడుస్తున్న!” చివరింటి ముసలామె మనవరాలితో కందిపప్పు, రవ్వ, పల్లీలు అన్నీ మోయించుకుని వచ్చింది. పొద్దుగూకేసరికి మా వసారాలో చేటలు, బుట్టలు, డబ్బాలు, కాలు పెట్టే చోటు లేదు. నిన్న ఒక్క పురుగు లేదన్నవాళ్లంతా ఇప్పుడు ఎవరింట్లో ఎక్కువున్నాయో పోటీ పడ్డారు. “మీయి ఏం పురుగులు, గిన్నిగన్ని. మా గంప జూడు!” అని ఒకరు. “మాయి బలంగున్నయ్, మేము సోనామసూరి తింటం” అని ఇంకొకరు. మా మేనత్త మధ్యలో పీట వేసుకుని కూర్చుంది. ఆ కళ్ల ముందు నుంచి ఒక్క గింజ తప్పించుకోలేదు. ఆమె జల్లించి శుభ్రం చేసిన గింజ ఇటు ఇచ్చేది, పురుగులున్న బొంత అటు నా ట్రేలో వేసేది. చూపు తగ్గిందట!

రెక్కల పురుగులను నేను గాజు గొట్టంతో ఒక్కొక్కటే పట్టాను. అది చూసి వీధి ఆడవాళ్లు కూడా నేర్చుకున్నారు. గోడ మీద వాలినదాని మీద మెల్లగా గొట్టం బోర్లిస్తే అది తనంతట తనే పైకి పాకుతుంది. “చెంగుతో కొట్టొద్దు, చెంగుతో కొట్టొద్దు” అని రాయచూరు కోడలే అందరికీ నేర్పింది. బుధవారం పొద్దున జాలీ కింద గుడ్లు రాలి ఉన్నాయి. జల్లించి, అట్టలకు అంటించి, ఫ్రిజ్‌లోంచి కందిరీగలను లేపాను. శనివారం సారు హైదరాబాదు నుంచి వచ్చి అట్టలు చూశాడు. నల్లగా, గింజ గింజ నిగనిగలాడుతున్నాయి. ట్రేలు చూశాడు, వాటిలో సజ్జలు, కందిపప్పు, సోనామసూరి, పల్లీలు. ముక్కు గుడ్డ విప్పి, “మేడం, ఇదేం పద్ధతి?” అన్నాడు. ఆ మొహం మొత్తంగా చూడటం అదే మొదలు. మీసం ఉందని అప్పుడే తెలిసింది.

ఆదివారం మొదటి బస్సుకు వీపనగండ్ల పోయాం. మేమంటే నేనూ మా మేనత్తా. “నా జొన్నలు దిన్న పుర్వులు ఏం జేస్తయో నేను జూడాలె” అని పట్టుబట్టింది. మీసాల పెద్దయ్య బస్సు దగ్గరికే వచ్చి నిలబడ్డాడు, పక్కనే మందు కొట్టే పంపు దించి పెట్టుకుని. అట్ట చేతిలోకి తీసుకుని వెలుతురుకు పట్టి చూశాడు.

“ఏందిది, గరుకు కాయితం లెక్కున్నది. దీనికా ఇంత లొల్లి?” అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే మా మేనత్త అందుకుంది. “ఓ పెద్దమనిషీ, మా వీధి ఆడోళ్ల ఇజ్జత్ మొత్తం అంటిచ్చినం దానికి. జర పైలంగ వట్టుకో.”

ఆయన ఆమెను చూశాడు, పంపును చూశాడు, ఏమనుకున్నాడో అట్టను రెండు చేతులతో పట్టుకున్నాడు. మడిలో మోకాలి లోతు నీళ్లలో దిగి ఆకుల అడుగున నేను కడుతుంటే గట్టు మీద వాళ్లిద్దరూ జొన్నలు ఎట్లా దాచాలో వాదించుకుంటూనే ఉన్నారు. ఆ తర్వాతి వారాల్లో కూడా అట్టలు కట్టాం. పంట చేతికొచ్చాక ఆ మడిలో మొగి పురుగు తొలిచిన తెల్ల కంకులు లేవని చెప్పను, ఉన్నాయి. పక్క మడిలో కంటే తక్కువున్నాయి. పెద్దయ్య గట్టు మీద నిలబడి చాలాసేపు చూసి, “నీ పుర్వులు జేసినయో, దేవుడు జేసిండో తెల్వదు గని, వచ్చే పంట కారుకు జర పెద్ద కాయితం దే” అన్నాడు. ఆయన నోటి నుంచి అది సన్మానమే. ల్యాబ్ ఇంకొన్నేళ్లు నడిచింది. కొత్త జాలీ మా మేనత్తే కొట్టించింది.

ఇన్నేళ్లయ్యాక ఒక సంగతి చెప్పుకోవచ్చు. మా మేనత్త కాగులోవి మావే, అనుమానం లేదు. కానీ వీధి చివరింటి కందిపప్పులోకి, రెండు సందులవతలి రవ్వలోకి కూడా మా పురుగులే పోయాయా? ఆ పురుగు మేము రాకముందు నుంచీ, వనపర్తి పుట్టకముందు నుంచీ, మనిషి గింజ దాచుకోవడం మొదలుపెట్టినప్పటి నుంచీ ప్రతి ఇంట్లో ఉంది. ఆ సాయంత్రం వసారాలో నిలబడి ఉన్న నాకు ఆ విషయం బాగా తెలుసు. నోటి చివర వరకు వచ్చింది కూడా. బస్సులో సీటు కోసం కండక్టరుతో, ఉప్పు ఎక్కువైందని వంటమనిషితో, తేదీ తప్పు రాశాడని పురోహితుడితో పోట్లాడిన మనిషిని నేను. కానీ ఒక్కొక్కరూ డబ్బా తెచ్చి, నిన్నటి మొహం కాకుండా ఇంకో మొహంతో, “మీవేనా?” అని అడుగుతుంటే, “మావేనమ్మా, తప్పయింది” అని ప్రతి ఒక్కరికీ చెప్పాను.

మొన్న మా ఇంట్లో ఏదో చిన్న విషయం మీద మాటా మాటా పెరిగి, మా ఆయన విసిగిపోయి, “నీ జన్మల ఒక్కసారన్న నాది తప్పు అని ఒప్పుకున్నవా?” అన్నాడు. మా అమ్మాయి కూడా పుస్తకం మూసి నా వైపు చూసింది. ఒప్పుకున్నాను, ఒకసారి, ఒక వీధి మొత్తానికి ఒప్పుకున్నాను అన్నాను. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను వాదించలేదు.